పాటల వకీలు

"పిల్లలు బడి మారుతున్నరట గదమ్మా?" అని స్కూల్ ఆయా అడిగినప్పుడు నేను చిన్నదాని నీళ్ళ సీసాకు మూత బిగిస్తున్నాను. ఆ మాట విన్నాక మూత ఎటు తిప్పాలో తెలియలేదు. ఎవరు చెప్పారని అడిగాను. ముందురోజు మధ్యాహ్నం మా ఆయన, మా అత్తగారు వచ్చి పిల్లల టీసీలు అడిగారట. తల్లి సంతకం కూడా కావాలని ఆఫీసులో అంటే, త్వరలో కోర్టు కాగితమే తెస్తామని చెప్పి వెళ్ళారట. నాకు తెలిసే ఉంటుందనుకుని ఆయా మామూలుగానే చెప్పింది. నా పిల్లలను నా దగ్గర నుంచి తీసుకుపోవచ్చు అన్న సంగతి నాకు మొదటిసారి తట్టింది అప్పుడే. అమీన్‌పూర్‌లో, ఆ స్కూల్ గేటు ముందు, నా వెనక స్కూటీ మీది వాళ్ళు జరగమని హారన్ కొడుతుండగా.

ఆ భయంలోంచి నన్ను బయటికి లాగిన మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆమె పోయి ఏడాది దాటింది. పోయిన రోజు చిన్నదానికి జ్వరం, చివరిచూపుకు కూడా వెళ్ళలేకపోయాను. మొన్న పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడితే, షిఫ్టు దిగిన ఆడవాళ్ళు నలుగురు టిఫిన్ డబ్బాలు తడుతూ ఒక పాట పాడుకుంటున్నారు. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు మాటలు వాళ్ళ నోట్లో వంకర తిరుగుతున్నాయి, కాని పాట ఆమెదే. ఎవరు కట్టిన పాట అని అడిగాను. "మాలూం నహీ దీదీ, ఇక్కడ అందరు పాడతరు" అంది అందులో ఒకామె. ఇది విని ఉంటే అక్క ఎంత మురిసిపోయేదో. అందుకే ఇవాళ పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను.

అక్క అని నేనే కాదు, అందరూ అనేవాళ్ళు. మా అమ్మకూ అక్కే, నాకూ అక్కే.

మొదటిసారి చూసినప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మ అప్పటికి పొలం కూలి మానేసి పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోతుండేది. బడి లేని రోజు నన్నూ వెంట తీసుకుపోయింది. గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు వెతికే వరుస ఉంది. ఆ వరుస పక్కన ఒకామె నిలబడి పాడుతోంది. డప్పు లేదు, మైకు లేదు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, దాని మూత మీద వేళ్ళతో దరువు. తర్వాతెప్పుడో అమ్మ అడిగితే కారణం చెప్పిందట: డప్పు పట్టుకొస్తే గేటు దాకా రానియ్యరు, డబ్బా పట్టుకొస్తే కూలిదనుకుంటరు.

ఆ పాట ఇది:

గేటు కాడ నా సంచి సూస్తవు
సంచిల నా సద్ది సూస్తవు
సద్ది కలిపే చెయ్యి కాలితే
ఏడ సూస్తవో సారూ, ఏడ సూస్తవో

ముందురోజే లోపల ఒకామె చేతి మీద యాసిడ్ పడిందని, కంపెనీవాళ్ళు అది ఇంట్లో కాలిందని రాసుకున్నారని అమ్మ ఇంటికొచ్చాక చెప్పింది. పాట వింటున్నప్పుడు నాకదేమీ తెలియదు. నేను చూసింది వేరొకటి. మూడు వరుసలు పాడి ఆమె ఆగిపోయేది. దరువు ఆగేది. కుడిచెయ్యి తెరిచి, గడ్డం కొంచెం పైకెత్తి, ఎదుటివాళ్ళను చూస్తూ నిలబడేది. తొందర పెట్టేది కాదు, అందిచ్చేది కాదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటే అంతసేపు. మొదట ఎవరూ నోరు విప్పలేదు. సెక్యూరిటీ అతను కూడా చూస్తూ ఉండిపోయాడు. చివరికి వరుసలో వెనక నుంచి మా అమ్మ, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడని మా అమ్మ, "ఏడ సూస్తవో" అంది. ఇక అందరూ అందుకున్నారు.

తర్వాత పదేళ్ళు ఆమె ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళ మీద పాట కట్టని సంగతి లేదు. తాగొచ్చి కొట్టే మొగుడి మీద, బాత్రూముకు పోతే గడియారం చూసే సూపర్‌వైజరు మీద, ఆడపిల్లకు సైకిలెందుకనే నాయిన మీద. నలభై ఏళ్ళు వచ్చాక ఉన్నట్టుండి లా కాలేజీలో చేరింది. క్లాసులో పిల్లలు ఆంటీ అంటే, "అక్క అనుండ్రి, లేకుంటే నోట్సు ఇయ్యను" అనేదట. సెక్షన్లన్నిటికీ బాణీలు కట్టుకుని కంఠస్థం చేసిందని సంగారెడ్డి కోర్టులో అందరూ చెప్పుకునేవారు. అబద్ధం కాదు. వరండాలో నడుస్తూ ఆమె కూనిరాగం తీస్తుంటే, అది పాటో చట్టమో దగ్గరికి పోతే గాని తెలిసేది కాదు.

పాట ఎందుకు వదిలారని నేనొకసారి అడిగాను. వదలలేదంది. "పాట పాడితే అందరు చప్పట్లు కొట్టిండ్రు బిడ్డా. తెల్లారి పోయి సూస్తే గేటు గట్లనే ఉన్నది. ఇగ గేటు లోపలికి పోయే తొవ్వ ఏందా అని దేవులాడిన."

తోటి వకీళ్ళు ఆమెను పాటల వకీలు అనేవారు. కొందరు ప్రేమగా, కొందరు ఎగతాళిగా. ఒకాయన రోజూ, ఇవాళ పాటనా, వాదననా అని అడిగేవాడు. నువ్వు కోరస్ ఇస్తనంటే పాటనే అని ఆమె రోజూ అదే జవాబు చెప్పేది.

నేను ఆమె దగ్గరికి పోయింది ఆయా మాట విన్న వారానికి, కోర్టు నోటీసు చేతికొచ్చాక. దానికి ముందు జరిగింది కొంచెం చెప్పాలి.

మాది భానూర్. మా అమ్మ కూలికి పోయి, ఫ్యాక్టరీకి పోయి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఆయనవాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. మామగారు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పెళ్ళయిన కొత్తలో నేను గుమ్మంలోంచి "అత్తమ్మా, వచ్చిన" అంటే, "వచ్చిన ఎవరమ్మా?" అని అత్తగారు నవ్వేవారు. కోపం కాదు, సరదాకే. కాని ఆరు నెలల్లో నేను "వచ్చాను" నేర్చుకున్నాను. పిల్లలతో కూడా అలాగే మాట్లాడేదాన్ని. కంగారు పడ్డప్పుడు మాత్రం నా మాట నాకు తెలియకుండానే బయటికొచ్చేది.

ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో ఏడాదిగా గొడవ. ఆ గొడవల మధ్యే ఒక సాయంత్రం కంపెనీ నుంచి ఫోను వచ్చింది, రాత్రి షిఫ్టుకు రావలసిన మనిషి రాలేదు, రమ్మని. మా ఆయన ఆఫీసులో, అత్తగారు బంధువుల ఇంట్లో. నేను వంట చేసి మూతలు పెట్టి, పిల్లలను స్కూటీ మీద భానూర్ తీసుకుపోయి అమ్మ దగ్గర ఉంచి, అటునుంచే డ్యూటీకి పోయాను. దారిలో బండి ఆపి మా ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "పిల్లలను ఇడిసిపెట్టిన. ఇగ నేను రాను. మీరు తినుండ్రి."

మా వైపు ఎవరైనా ఆ మాట వింటే ఏమనుకుంటారు? పిల్లలను దింపేసింది, ఈ పూట ఇంటికి రాదు, మమ్మల్ని తినమంటోంది. అంతే కదా. మర్నాడు పొద్దున ఇంటికి పోతే అత్తగారు తలుపులో నిలబడి, ఎక్కడ నుంచి వచ్చావో అక్కడికే వెళ్ళమన్నారు. మా ఆయన ఆమె వెనకే నిలబడ్డాడు. నేను భానూర్‌కు, పిల్లల దగ్గరికి పోయాను. రెండు రోజుల్లో కోపాలు తగ్గుతాయనుకున్నాను. తగ్గలేదు. పిల్లలు నా దగ్గర, బడి అమీన్‌పూర్‌లో. రోజూ నేనే తీసుకుపోయి తీసుకొస్తున్నాను.

నోటీసులో నా మెసేజ్‌ను ఇంగ్లీషులోకి మార్చి రాశారు. నేను పిల్లలను శాశ్వతంగా విడిచిపెట్టేశానని, ఇక ఎప్పటికీ తిరిగి రానని నా నోటితో నేనే ఒప్పుకున్నానట. కాబట్టి పిల్లలిద్దరినీ తండ్రికి అప్పగించాలట. దాన్ని ఎన్నిసార్లు చదివానో. గొంతు నాదే, మాటలు నావే. నా మాటలే నా పిల్లలను తీసుకుపోతున్నాయి. అమ్మకు చదివి వినిపిస్తే, ఆమె చేతులు తుడుచుకుని, "పాటలామె దగ్గరికి పోదం. సంగారెడ్డిల వకీలైంది" అంది.

ఆమె గదిలో మూడు కుర్చీలు. వచ్చినవాళ్ళు కూర్చున్నాకే ఆమె కూర్చునేది. పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు, నల్లకోటు జేబులో లవంగాలు. గొంతు అప్పటికే బొంగురు పోయింది. నేను నోరు తెరవగానే ఏడుపొచ్చింది. ఊరుకోమని అంటుందనుకున్నాను. లవంగం బుగ్గన పెట్టుకుని, కాగితం ముందుకు లాక్కుని, "ఏడువు బిడ్డా, ఏడువు. ఏడ్సుకుంటనే తారీఖులు చెప్పు" అంది. చెప్పాను. ఆశ్చర్యమేమిటంటే, మూడో తారీఖుకల్లా ఏడుపు ఆగింది.

తర్వాత ఫోను తీసుకుని మెసేజ్ వింది. కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కొత్త పాట నేర్చుకుంటున్నట్టు ఏడెనిమిది సార్లు. ఆమె పాదం కుర్చీ కింద దరువు వేస్తోంది. కళ్ళు తెరిచి నోటీసు చూసింది, మళ్ళీ వింది. "పాటల మూడు సరణాలున్నయి, వాళ్ళు రెండే రాసిండ్రు. మూడోది ఏడబోయింది?" అంది. నాకు అర్థం కాలేదు. "'మీరు తినుండ్రి' అన్నవు గద. ఇల్లిడిసి పోయేటామె మొగనికి తిను అని చెప్తదా? కూర ఏం వండినవ్?"

బెండకాయ వేపుడు, చారు అని చెప్పాను. అది కూడా రాసుకుంది. తిన్నాడో లేదో తెలుసా అంటే, మర్నాడు సింకులో కంచం కిటికీలోంచి కనిపించిందన్నాను. నవ్వింది.

మర్నాడు నేను ఇంట్లో కూర్చుని నా తరఫు జవాబు చక్కటి తెలుగులో రాసుకుపోయాను. "ఆనాటి సాయంత్రం పిల్లలను మా అమ్మగారి ఇంట దింపాను. ఆ రాత్రికి ఇంటికి రాలేనని తెలియజేశాను." ఆ మెసేజ్‌లో మాట నేను అనుకోకుండా తప్పుగా అన్నానని, క్షమించమని కూడా రాశాను. దానితోపాటు మా అత్తగారి తప్పులన్నీ వరుసగా రెండు పేజీలు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. అత్తగారి పేజీలు రెండూ మడిచి నా చేతిలో పెట్టింది. ఆ ముసలామె మీద పాట కట్టనని, ఆమెకు కూడా ఎప్పుడో ఎవరో ఇట్లే నేర్పి ఉంటారని అంది. మిగిలిన కాగితం మీద "దింపాను" దగ్గర వేలు పెట్టింది.

"నువ్వు ఎప్పుడన్న దింపాను అన్నవా?"

అనలేదన్నాను.

"మరి కోర్టుల ఎందుకంటవు? ఇడిసిపెట్టిన అన్నవు, గదే తప్పులేని మాట. నువ్వే తప్పన్నంక వాళ్ళు తప్పంటే తప్పేముంది? నీ మాటను నువ్వే గల్మ బయట నిలవెడితే, లోపలికి ఎవరు పిలుస్తరు బిడ్డా?"

ఆ కాగితం చింపి మళ్ళీ రాయించింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నా మాట గురించి నాతో అట్లా మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు.

మా ఆయనను ప్రశ్నలడిగే రోజు వచ్చేసరికి ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలూ నేను స్కూల్ గేటు దగ్గర అరగంట ముందే నిలబడేదాన్ని. బెల్లు కొట్టాక పిల్లలిద్దరూ కనిపించేదాకా గేటు మీంచి కళ్ళు తీసేదాన్ని కాదు. ఆ రోజు కోర్టులో మా అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా ఆయన ఇస్త్రీ చొక్కాతో బోనులో నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఇంట్లో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట ప్రకారం నడిచే మనిషి.

అక్క లేచింది. పెద్ద పెద్ద ప్రశ్నలు వేస్తుందనుకున్నాను.

"ఆ రాత్రి మీరు ఏం తిన్నరు సార్?"

అవతలి వకీలు లేచి అభ్యంతరం అన్నాడు. ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధమేమిటని జడ్జిగారు అడిగారు. మెసేజ్‌లోనే ఉంది మేడం, మొత్తం వినాలని అక్క కోరింది. ఫోను బల్ల మీద పెట్టి వినిపించారు. నా గొంతు ఆ గదిలో వినబడింది, వెనక లారీల చప్పుడుతో సహా. మూడో వాక్యం దగ్గర జడ్జిగారు తలెత్తి, మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు.

బెండకాయ వేపుడు, చారు తిన్నానని మా ఆయన చెప్పాడు. ఎవరు వండారంటే, తనే వండిపెట్టి వెళ్ళిందన్నాడు.

"పొద్దుగాల పిల్లలను బడిల ఇడిసిపెట్టేది ఎవరు సార్ మీ ఇంట్ల?"

"తనే."

"పూర్తిగ చెప్పుండ్రి. రాసుకోవాలె గద."

"తనే ఇడిసిపెడుతుంది." తొమ్మిదేళ్ళు నాతో ఉన్నవాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

"రోజు ఇడిసిపెడ్తదా?"

"రోజూ."

"రోజు ఇడిసిపెట్టి..."

అక్కడ ఆగింది. కుడిచెయ్యి తెరిచింది. గడ్డం కొంచెం పైకెత్తింది. మా అమ్మ నా చేతిని గట్టిగా నొక్కింది. అవతలి వకీలు లేవబోయి, అభ్యంతరం చెప్పడానికి అక్కడ ప్రశ్న ఏదీ లేక మళ్ళీ కూర్చున్నాడు. అక్క చూస్తూనే ఉంది, గేటు దగ్గర వరుసలో ఉన్న ఆడవాళ్ళను చూసినట్టే, తొందర లేకుండా.

"సాయంత్రం తీసుకొస్తుంది," అన్నాడు మా ఆయన.

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మా ఆయన తల దించుకున్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఆ సంగతి ఆయన చెవులే అప్పుడు ఆయనకు చెప్పినట్టున్నాయి. అక్క "అంతే మేడం" అని కూర్చుని, జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకుంది.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. ఈ ప్రాంతంలో ఇడిసిపెట్టడమంటే ఒకచోట దింపి రావడమని, పిటిషన్ వేసిన ఆయనే తన నోటితో అదే అర్థంలో వాడారని, సగం మెసేజ్‌ను మార్చి రాసి తల్లిని బాధ్యత లేనిదనడం కుదరదని జడ్జిగారు చదివారు. పిల్లలు నా దగ్గరే. ఆదివారాలు తండ్రి చూడవచ్చు.

మా అమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. అక్క ఆమె రెక్క పట్టుకుని లేపి, అందరినీ క్యాంటీన్‌కు తీసుకుపోయింది. రోజూ ఎగతాళి చేసే ఆ వకీలు అక్కడే ఉన్నాడు. ఇవాళ పాటనా వాదననా అన్నాడు, అలవాటుగా. అక్క ఆయన ముందున్న స్టీలు ప్లేటు తిరగేసి వేళ్ళతో దరువందుకుంది. నల్లకోటు మీదే ఉంది. గొంతు బొంగురు, శ్రుతి మాత్రం తప్పలేదు.

నా మాటకు నువ్వు అర్థం రాస్తివి
నా నోటికి నువ్వు తాళం వేస్తివి
నేనే వచ్చి చెప్పినంక
ఏమంటవో సారూ...

ఆగి, ఆయనవైపు చెయ్యి తెరిచింది. ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత నవ్వుతూ "ఏమంటవో" అన్నాడు. టీ పోసే ఆమె అంది. మా అమ్మ అంది. అవతలి వకీలు దగ్గర పనిచేసే జూనియరు అమ్మాయి కూడా, ఎవరూ చూడలేదనుకుని, అంది. నేను మాత్రం నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక నిలబడ్డాను. అది చూసి అక్క, ఇప్పుడు తారీఖులు చెప్పే పని లేదులే, ఊరికే ఏడువు అంది.

బస్సెక్కేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది. "పిల్లలకు గెలిచినం అని చెప్పకు. నువ్వు గెలిస్తె వాళ్ళ నాయిన ఓడినట్టయితది. వాళ్ళకు ఇద్దరు కావాలె." మరి ఏం చెప్పాలక్కా అంటే, "గది నేను కట్టే పాట కాదు, నువ్వే కట్టుకో" అని ఫైళ్ళు చంకన పెట్టుకుని ఇంకెవరి కేసుకో పోయింది.

మర్నాడు పొద్దున భానూర్ ఇంట్లో పిల్లలిద్దరూ ఉప్మా తింటున్నారు. ఇద్దరికీ ఏదో జరిగిందని తెలుసు. పెద్దోడు తినకుండా నా ముఖం చూస్తున్నాడు. వాళ్ళ ముందు కింద కూర్చున్నాను.

"మీరు నాతోనే ఉంటరు," అన్నాను. "ఇద్దరూ. ఆదివారం డాడీ వచ్చి తోలుకపోతడు, పొద్దుగూకినంక తీసుకొస్తడు. నానమ్మను సూడబుద్ధైతే చెప్పుండ్రి, నేనే తోలుకపోత. ఇన్ని దినాలు నాకు బాగ భయమైంది. అందుకే ఊకె కసిరిన. మీరు ఏం తప్పు చెయ్యలే."

చిన్నది ఉప్మా నోట్లో పెట్టుకునే, ఇప్పుడు భయం పోయిందా అని అడిగింది.

"జెరంత ఉన్నది," అన్నాను. "తినుండ్రి జల్దీ, బడికి ఆలస్యమైతది."